గాజు గ్లాసుకు శ్రుతి కలిపిన రోజు

పోయిన నెల హిందూపురంలో మా మనవరాలు హారిక చదివే బళ్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. "అవ్వా, నువ్వు రాకపోతే నీతో మాట్లాడను" అని ఫోన్‌లో బెదిరిస్తే, పెనుకొండలో పొద్దున్నే బస్సెక్కి పోయాను. హారిక బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. దాని ముందువైపు ప్లాస్టిక్ పలక బిగించి, లోపల కాడ ఉన్న పల్చటి గాజు గ్లాసు నిలబెట్టి, పక్కన నల్లటి స్పీకరు పెట్టారు. హారిక పెన్సిల్‌తో గ్లాసును టంగుమని తట్టింది. ఫోన్ ఏదో అంకె చూపించింది. ఆ అంకెను ఇంకో ఫోన్‌లో కొట్టి, శబ్దం మెల్లగా పెంచింది. గ్లాసులో వేసిన స్ట్రా ముక్క మొదట వణికింది, తర్వాత చిందులు తొక్కింది. చెవులు మూసుకోండని తను చెప్పేలోపల గ్లాసు భళ్లుమంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "ఇది మేము కూడా చేసినాం, పెనుకొండలో, మా ఇంటి వాకిట్లో" అన్నాను గట్టిగా.

హారిక నవ్వింది. "అవ్వా, నువ్వు బడికే పోలేదంటివి గదా, ఇది యాడ చేసినావు?"

"బడికి పోలేదు కాబట్టే చేసినా" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే చెప్పడం మొదలుపెట్టాను. గ్లాసు పగిలేదాకా చెప్పగలిగాను, అంతలో గంట కొట్టారు, పిల్లలు పరుగెత్తిపోయారు. మిగిలింది గొంతులోనే ఉండిపోయింది. అసలు చెప్పవలసింది అదే. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

పెనుకొండలో మా ఇల్లు కొండ కిందనే, రెండు గదులు, ఒక వసారా. మా నాయన హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాడు. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి: తిత్తులకు అతికించే గొర్రెతోలు వాసన, పొయ్యి మీద ఉడికే జిగురు వాసన, అవ్వ పొద్దున్నే వేసే సాంబ్రాణి వాసన. మొదటి రెండింటినీ మూడోదానితో గెలవాలని అవ్వ రోజూ ప్రయత్నించేది, రోజూ ఓడిపోయేది. అమ్మ నేను పుట్టిన ఏడాదికే పోయింది. నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వే. నరసింహస్వామి పటానికి దండం పెట్టకుండా ఆమె మంచినీళ్లు కూడా తాగేది కాదు. ఇంట్లో ఏ పని మొదలైనా ముందు ఆ పనిముట్టుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. నాయన సుత్తికి బొట్టు, పట్టకారుకు బొట్టు, ఆకురాయికి బొట్టు. కొత్త కుండ కొనేటప్పుడు మాత్రం బొట్టుకంటే ముందు వేలి కణుపుతో నాలుగువైపులా కొట్టి, కళ్లు మూసుకొని వినేది. పలుకు మొద్దుగా ఉంటే, "ఇది పగుల్దిరా నాయనా, ఎత్తుకోని పో" అని కుమ్మరాయన ముఖానే అనేసేది. వినడం ఆమె దగ్గరే మొదట నేర్చుకున్నానని ఇప్పుడనిపిస్తుంది. స్వామి మా అమ్మను తీసుకొని, అంత మంచి గురువును వంటింట్లోనే కూర్చోబెట్టాడు. ఆ దయకు ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. బడి దాకా నడిస్తే ఆయాసం, బళ్లో కూర్చుంటే సుద్దముక్కల దుమ్ముకు దగ్గు. రెండు నెలలు పోయి మానేశాను. నాయన బాధపడలేదు. పలక కొనిచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. పొద్దున అక్షరాలు, అన్నం తిన్నాక లెక్కలు, ఎండ తగ్గాక రీడ్లు. రీడు అంటే హార్మోనియం లోపల పలికే సన్నటి ఇత్తడి నాలుక. నాయన రెండింటిని ఊది వినిపించి, "ఏది ఎత్తుండాది పాపా?" అని అడిగేవాడు. చెప్తే బెల్లం ముక్క. తప్పితే ఏమీ అనేవాడు కాదు, మళ్లీ ఊదేవాడు. రీడు కొనను ఆకురాయితో ఒక్క గీత గీస్తే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. గీసింది మళ్లీ అతుక్కోదు కాబట్టి గీసేముందు నాయన ఊపిరి బిగబట్టేవాడు. ఆయన్ను చూసి నేనూ బిగబట్టేదాన్ని. నా ఉబ్బసానికి అదొక మందులా పనిచేసిందేమో కూడా.

శ్రుతి చూసేటప్పుడు నాయన పెట్టె అంచును పళ్లతో కరిచి పట్టుకునేవాడు. పనిలో అదొక పద్ధతి అనుకునేదాన్ని. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒకరోజు ఆయన వెనక నా చేతిలో ఇత్తడి పళ్లెం జారి బండ మీద పడింది. అవ్వ పెరట్లోంచి కేకేసింది. నాయన తల తిప్పలేదు. ఆకురాయి ఆడిస్తూనే ఉన్నాడు. నేను ఆయన ముందుకొచ్చి నిలబడి ఏడ్చాను. ఆయన నా ముఖం చూసి, "నీకు తెల్సిపోయింది గదా. అవ్వకు చెప్పొద్దు పాపా, తట్టుకోలేదు" అన్నాడు. చెక్కను కరిస్తే ఎముకలోంచి కొంచెం తెలిసేదట. అదీ రోజురోజుకూ తగ్గిపోతోందట. మర్నాటినుంచి వినేది నేను, గీసేది ఆయన. స్వరం పైకి పోవాలంటే వేలు పైకెత్తేదాన్ని, దిగాలంటే కిందికి చూపేదాన్ని, సరిపోతే పిడికిలి మూసేదాన్ని. రెండేండ్లు అట్లా గడిచింది. ఎవరికీ తెలియదు. చెవుడున్న మనిషికి హార్మోనియం ఎవరిస్తారు? మా మూడు నోళ్లకూ అన్నం ఆ పెట్టెల్లోంచే రావాలి.

నల్లమాడ ఓబుళప్ప వచ్చేదాకా ఆ గుట్టు నిలిచింది. ఓబుళప్ప భజన గుంపుకు పెద్ద. ఊళ్లో వేరుశనగ పండించే రైతు, ఎత్తైన మనిషి, గొంతు ఇంకా ఎత్తు. ఆయన మాటంటే చుట్టుపక్కల ఊళ్ల భజన గుంపులన్నిటికీ మాట. ఒకరోజు మధ్యాహ్నం పెట్టెను భుజాన పెట్టుకొని వాకిట్లోకి వచ్చి నాయనను పిలిచాడు. నాయన వీపు అటువైపు ఉంది. నేను లోపల అన్నం తింటున్నాను. లేచి వచ్చేలోపల ఆయన మూడుసార్లు పిలిచేశాడు.

"ఏమప్పా, అరుస్తాంటే పలకవు. నీకు చెవుడంట గదా, ధర్మవరంలో చెప్పుకుంటాండారు. నేను నమ్మల్యా. ఇప్పుడు చూస్తే నిజమే అనిపిస్తాండాది."

అవ్వ బయటికొచ్చింది. "ఎవరప్పా అనింది? వాళ్ల నోట్లో మన్ను పడ. నా కొడుకు పనిలో ఉంటే పిడుగు పడినా తల ఎత్తడు."

"కోపం వద్దవ్వా. దేవుని ముందర పలికే పెట్టె ఇది. చెవి లేని మనిషి చేతికి ఎట్లిచ్చేది?"

ఆ రోజు మా మామ నారాయణ ఇంట్లోనే ఉన్నాడు. అమ్మకు తమ్ముడు. ధర్మవరంలో పెండ్లిళ్లకు, సభలకు మైకుసెట్టు బాడుగకు ఇచ్చేవాడు. మాటకారి. అన్నం చెయ్యి కడుక్కోకుండానే వసారాలోకి వచ్చాడు. "ఓబుళప్పా, నాకు కరెంటు పని నేర్పిన అయ్యవారొకాయన చెప్పినాడు. ప్రతి గాజు గ్లాసుకూ దాని సొంత స్వరం ఒకటుంటాదంట. సరిగ్గా అదే స్వరాన్ని దాని ముందర గట్టిగా పలికిస్తే అది తట్టుకోలేక పగిలిపోతాదంట. వెంట్రుకంత తేడా వచ్చినా పగలదు. మా బావ రీడు గీస్తాడు, నేను మైకుసెట్టు పెడతా. చెవుడుండే మనిషైతే గ్లాసు స్వరం ఎట్ల పట్టుకుంటాడు? ఆదివారం రా, నీ కండ్లముందర పగలగొట్టి చూపిస్తాం."

ఓబుళప్ప నవ్వాడు. "మాటతో గ్లాసు పగలగొడతావా? మా ఇంట్లో కోడండ్లు అంత అరుచుకుంటారే, ఒక్క గ్లాసూ పగల్లేదప్పా." తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "సరే. పగిలితే నా పెట్టే కాదు, మావైపు గుంపుల పెట్టెలన్నీ ఈ ఇంటికే వస్తాయి. పగల్లేదంటే ఇది ధర్మవరం పోతాది, ఆడుండే మిస్త్రీ దగ్గరికి. దీని ఎనకనే అన్నీ పోతాయి."

మామకు నిజం తెలియదు పాపం. నాయన ఆయన పెదాలు చూసి సగం అర్థం చేసుకొని తలాడించాడు. ఓబుళప్ప పోయాక నావైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంటుందనుకున్నాను. లేదు, సరదా ఉంది. పలక మీద రాశాడు: "చేద్దామా?" నేను కింద రాశాను: "చేద్దాం."

మామ ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు ఇంట్లోంచి కాడ ఉన్న గ్లాసు ఒకటి అడిగి తెచ్చాడు. అంత పల్చటి గాజును అంతకుముందు నేను చూడలేదు. గోటితో తాకితే చాలు, చాలాసేపు పలికేది. ఆ వారమంతా మా ఇంట్లో పండగే. నేను గ్లాసును తట్టి ఆ స్వరాన్ని నోటితో పట్టుకొని ఇల్లంతా తిరిగేదాన్ని. పొయ్యి దగ్గరా అదే, స్నానం చేసేటప్పుడూ అదే. "తేనెటీగ దూరిందా ఏందే నీ గొంతులో" అనేది అవ్వ. నాయన దగ్గరగా ఉన్న రీడు ఎంచి గీయడం మొదలుపెట్టాడు. రెండు స్వరాలు ఇంచుమించు ఒకటైనప్పుడు వాటి మధ్య ఒక ఊగు వినిపిస్తుంది, ఉయ్యాల ఊగినట్టు. దగ్గరయ్యేకొద్దీ ఊగు నెమ్మదిస్తుంది. ఒకటైపోతే నిలిచిపోతుంది. మొదటి రీడు ఒక్క గీత ఎక్కువై దాటిపోయింది. రెండోది కొన విరిగింది. మూడో రీడు శుక్రవారం సాయంత్రం ఊగి, ఊగి, నిలిచింది. గ్లాసు అంచు మీద చిన్న కాగితం మడిచి పెట్టి, ఆ రీడును హార్మోనియంలో బిగించి నాయన దాని మెట్టు నొక్కాడు. ఎవరూ తాకకుండానే కాగితం ఎగిరి కింద పడింది. నేను పిడికిలి మూయడం మరిచిపోయి గంతులేశాను. నాయన వినలేదు కానీ ఆ కాగితాన్ని చూశాడు. దాన్ని ఏరుకొని కళ్లకద్దుకున్నాడు.

ఆదివారం పొద్దున పదింటికి వాకిలి నిండిపోయింది. ఓబుళప్ప తన గుంపుతో వచ్చి, తన పెట్టెను పక్కన పెట్టుకొని రాతి అరుగు మీద కూర్చున్నాడు. మైకు, హార్న్ ఎదురెదురుగా ఉంటే కూత పెడుతుందని మామ హార్మోనియాన్ని, మైకును లోపలి గదిలో పెట్టించి, వైరు లాగి, హార్న్‌ను వాకిట్లో స్టూలు ముందర నిలబెట్టాడు. స్టూలు మీద గ్లాసు. నాయన లోపల, నేను కిటికీ దగ్గర. నేను చెయ్యి ఊపితే నాయన మెట్టు నొక్కాలి. ఊపబోతుండగా అవ్వ గిన్నెతో వచ్చింది. గ్లాసుకు పసుపు రాసి, మూడు వైపులా కుంకుమ పెట్టి, మల్లెల దండ దాని చుట్టూ కట్టి, హారతి ఇచ్చింది. నేను కూడా కళ్లు మూసుకొని దండం పెట్టుకున్నాను. తర్వాత చెయ్యి ఊపాను.

హార్న్ మోగింది. చెట్ల మీద కాకులు లేచిపోయాయి. ఓబుళప్ప గుంపులో ఒకాయన చెవులు మూసుకున్నాడు. నాయన ఊపిరి తిప్పుకోకుండా తిత్తి ఆడిస్తూనే ఉన్నాడు. గ్లాసు మాత్రం కొత్త పెళ్లికూతురిలా పూలు పెట్టుకొని కదలకుండా నిలబడింది. మామ శబ్దం ఇంకా పెంచాడు. ఏమీ కాలేదు. చివరికి ఆపి, లోపలికి తొంగిచూసి నాయనకు పగల్లేదని చెయ్యి తిప్పాడు.

"గ్లాసుకు కూడా చెవుడేమో" అన్నాడు ఓబుళప్ప. అందరూ నవ్వారు.

నేను స్టూలు దగ్గరికి పరుగెత్తి గోటితో గ్లాసును తాకాను. టప్ అంది. శుక్రవారం అంతసేపు పలికిన గ్లాసు, చెక్కను తాకినట్టు టప్ అంది. దండ దాని గొంతు నొక్కేసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అంతలో తలెత్తి చూస్తే, తెరిచిన తలుపులోంచి నాయన కనిపించాడు. హార్మోనియం పైపలక తీసి, ఆ రీడును బయటికి లాగి, ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు. తప్పు రీడుదే అనుకున్నాడు. ఒక్క గీత పడితే అంతే, మళ్లీ అతుక్కోదు.

"నాయనా" అని అరిచాను. ఆయన వీపు మావైపు ఉంది. "నాయనా, గీయొద్దు." ఆకురాయి రీడు మీదికి వంగింది. "నాయనా, నాయనా" అంటూ పరుగెత్తాను. నవ్వులు ఆగిపోయాయి. వాకిలంతా చూస్తోంది: కూతురు గొంతు చించుకుంటోంది, మూడు బారల దూరంలో తండ్రి తల తిప్పడం లేదు. రెండేండ్లు దాచిన గుట్టును నా నోటితో నేనే బయటపెడుతున్నానని తెలుస్తూనే ఉంది. అయినా అరుస్తూనే పోయి రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాయన ఉలిక్కిపడ్డాడు. నేను పిడికిలి మూసి చూపించాను. రీడు సరిగ్గా ఉంది. బయటికి చెయ్యి చూపి, తలలో పూలు పెట్టుకున్నట్టు, తీసేసినట్టు సైగ చేశాను. ఆయన నావైపు, నా వెనక వాకిట్లో నిలబడిన జనంవైపు చూశాడు. అందరికీ తెలిసిపోయిందని అర్థమైంది. రీడును మెల్లగా దాని చోట్లో పెట్టి, పలక మూసి, మెట్టు మీద వేలుంచి కూర్చున్నాడు.

నేను వాకిట్లోకి వచ్చి గ్లాసు మీది దండ తీశాను.

"ఏం పనే ఇది, పూజ చేసిన పూలు ఎట్ల తీస్తాండావు?" అంది అవ్వ.

"పూలుంటే అది పలకలేకుండాది అవ్వా."

అవ్వ వంగి, కుండను కొట్టినట్టే, గ్లాసును వేలితో కొట్టి కళ్లు మూసుకుంది. తర్వాత తన కొంగుతో తానే పసుపు, కుంకుమ తుడిచేసింది. దండను నా చేతిలోంచి తీసుకొని నా జడలో పెట్టింది. "ఇప్పుడు కానీయండి" అంది, ఓబుళప్పవైపు చూడకుండా. నేను మళ్లీ కిటికీ దగ్గరికి పోయాను.

చెయ్యి ఊపాను. హార్న్ మోగింది. గ్లాసు అంచు కంటికి మసకబారింది, నీళ్లలో కనిపించినట్టు. మరుక్షణం భళ్లున పగిలి ముక్కలు వాకిలంతా పడ్డాయి. కాడ ఒక్కటే స్టూలు మీద నిలబడి ఉంది. మామ నన్ను ఎత్తుకొని తిప్పాడు. నాయనకు ఇవేవీ తెలియవు, లోపల తిత్తి ఆడిస్తూనే ఉన్నాడు. మామ పోయి భుజం తట్టేదాకా ఆ స్వరం మోగుతూనే ఉంది.

ఇక్కడిదాకానే హారికకు చెప్పాను. తన ఫోన్ రెండు క్షణాల్లో చేసే పనికి మాకు వారం పట్టింది, మూడు రీడ్లు పట్టాయి. అది తక్కువని నేననను. ఆ ఫోన్ మా నాయన చేతిలో ఉండి ఉంటే పళ్లతో చెక్క కరిచే బాధ తప్పేదని బస్సులో వస్తూ అనుకున్నాను. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వెలుగులు కిటికీలోంచి పోతుంటే, ఆ చోట వేరుశనగ చేలు చూసిన కళ్లే ఇవి అని నవ్వుకున్నాను. ఇప్పటి పిల్లలకు దొరికినవన్నీ దొరకనీ, స్వామి ఇంకా ఇవ్వనీ. ఒక్కటే తేడా కనిపించింది. హారిక గ్లాసు పగిలితే చప్పట్లు, పగలకపోతే ఇంకో గ్లాసు. మా గ్లాసు పగిలినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నాయన బయటికి వచ్చి ఓబుళప్ప ముందర నిలబడ్డాడు. "నాది చెవుడే ఓబుళప్పా. నువ్విన్నది నిజమే. రెండేండ్లయ్యింది. నీ పెట్టెకు పోయినసారి శ్రుతి చూసింది కూడా ఈ పాపే. గీసేది నేను, వినేది బిడ్డ. దాచినందుకు క్షమించు. నీ పెట్టె నువ్వు తీసుకోని పో" అన్నాడు. అవ్వ గోడకు ఆనుకొని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

ఓబుళప్ప లేచి, అరుగు మీది తన హార్మోనియాన్ని ఎత్తుకొని నడిచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. నా కళ్ల నిండా నీళ్లు. ఆయన గాజు ముక్కలు దాటుకుంటూ వసారాలోకి వచ్చి, పెట్టెను నా ముందర దించాడు. నాయనకు పెదాలు కనిపించేట్టు ముఖం ఆయనవైపు తిప్పి, నిదానంగా చెప్పాడు: "ఇందులో పై షడ్జమం కొంచెం దిగుండాది. బిడ్డనే వినమను. బిడ్డనే గీయమను."

నేను అంతవరకూ ఆకురాయి పట్టలేదు. నాయన తన చేతిలోది నా చేతిలో పెట్టాడు. ఆయన నా వేళ్లు పట్టుకోలేదు, పక్కన కూర్చొని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. పైపలక తీసి, రీడు లాగి, కొన మీద ఆకురాయి ఆనించి ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో తెలియదు.

"నిదానంగా కానీ తల్లీ" అన్నాడు ఓబుళప్ప. తలగుడ్డ తీసి నేల మీద పరుచుకొని కూర్చున్నాడు. ఆయన వెనకే భజన గుంపంతా కూర్చుంది. "మా బస్సుకు ఇంకా పొద్దుండాది."